ఊచల వెనక హెర్మెలిండా

తనతో కాపురం చేసిన ఫౌస్తో చనిపోయిన ఈ నాలుగు నెలల నుంచీ హెర్మెలిండా ఎవరొచ్చినా తలుపు తీయదు, కిటికీ ఊచల వెనక నుంచే మాట్లాడుతుంది. లోహా పట్నంలోని ఆ ఇల్లు ఇద్దరి పేర్ల మీదా ఉంది గానీ, వాళ్లకు పెళ్లి కాలేదు. భార్యాభర్తల్లా బతికారని రుజువు కాకపోతే ఇంట్లో ఫౌస్తోకున్న సగం వాటా అతని చెల్లెలు ఇల్డాకు పోతుంది. అందుకే సంతకు వెళ్లినా హెర్మెలిండా ఇంటి దస్తావేజును శాలువా కింద నడుముకు కట్టుకునే వెళుతుంది. బంగాళాదుంపలు ఏరుతూ మధ్యమధ్య తడిమి చూసుకుంటుంది. పొరుగింటావిడ వేడి సూపు తెచ్చిచ్చినా, ఇల్లు చూసిపోవడానికే వచ్చిందనుకుంటుంది.

ఒక ఉదయం ఇల్డాయే వచ్చి, ఊచల మధ్య నుంచి ఒక కాగితం అందించింది.

"వదినా, ఇది చదువు."

ఇరవై రెండేళ్లలో ఆ నోట వదిన అన్న మాట రాలేదు. హెర్మెలిండా అనుమానం ఇంకా ముదిరింది.

"సంతకం పెట్టమంటే పెట్టను."

"నీది అక్కర్లేదు. నేను పెట్టేశాను."

హెర్మెలిండా వేలు పెట్టి అక్షరం అక్షరం చదివింది. మా అన్నయ్య, హెర్మెలిండా ఆలుమగలుగానే బతికారు, ఇంట్లో నాకు వాటా వద్దు అని ఉంది. తిరగేసి వెనకవైపూ చూసింది.

"ఇప్పుడెందుకిస్తున్నావు?"

"పోయేముందు అన్నయ్య ఇది రాసిమ్మని అడిగాడు. అప్పుడు మొహం తిప్పుకుని వచ్చేశాను."

ఇల్డా తల దించుకుంది. హెర్మెలిండా గడియ తీసి ఆమెను లోపలికి పిలిచింది. కాగితం మాత్రం చేతిలోంచి వదల్లేదు.