కుడిచేతికి తెలియని వేడి

షార్జాలో ఎండాకాలం చన్నీళ్ళ కుళాయి తిప్పినా వేడినీళ్ళే వస్తాయి. మిద్దె మీది ట్యాంకు పొద్దంతా కాగుతూనే ఉంటుంది. అందుకని మనవరాలికి నీళ్ళు పోయడానికి నాకు గీజరు అక్కర్లేదు, కరెంటు దండగ లేదు. బకెట్లో నీళ్ళు పట్టి, ఆరనిచ్చి, వేళ్ళు ముంచి చూసి, కాళ్ళు చాపుకుని పిల్లను వాటి మీద పడుకోబెట్టేదాన్ని. నేను ఈ దేశం వచ్చింది అందుకే. కూతురు ఆసుపత్రిలో నర్సు. అల్లుడు ఇండస్ట్రియల్ ఏరియాలో బళ్ళకు వైరింగు చేస్తాడు. వాళ్ళిద్దరూ పోతే పిల్ల నాది.

కరోనా సద్దుమణిగిన తర్వాత వచ్చిన ఎండాకాలంలో నా మెడ పట్టేసింది. నొప్పి మెడ వెనక మొదలై తలకెక్కి, కుడికన్ను దాకా వచ్చేది. పార్శ్వపు నొప్పి అనుకుని శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేశాను. పాత చీర చింపి తలకు బిగించి కట్టుకున్నాను. తగ్గలేదు. తర్వాత భుజం లాగింది. ఆ తర్వాత కుడి బొటనవేలు, చూపుడువేలు మొద్దుబారాయి. కందిపప్పు ఏరుతుంటే రాయి తగిలినా వేళ్ళకు తెలిసేది కాదు. కళ్ళతో చూసి ఏరుకున్నాను. భయం కూడా వేయలేదు. లోపల కూడా ఏదో మొద్దుబారినట్టే ఉండేది.

మా వైపు నడుము పట్టినా మెడ పట్టినా, ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళ చేత తన్నించుకుంటారు. నా కూతురు అలా పుట్టిందే. చిన్నప్పుడు వీధిలో అందరూ దాన్ని పిలుచుకుపోయి తన్నించుకునేవారు. బెల్లంముక్క చప్పరిస్తూ తిరిగొచ్చేది. అలాంటిది ఇంట్లోనే ఉండగా డాక్టరెందుకు? దాని సెలవురోజున గోడవైపు తిరిగి కూర్చున్నాను.

"మెడ మీద ఒక్క తన్ను తన్నవే."

"మతి పోయిందా అమ్మా?"

"ఊరందరినీ తన్నావు. నన్ను తన్నడానికి కాలు రావట్లేదా?"

"అప్పుడు చిన్నపిల్లని. ఇప్పుడు తంతే నువ్వు లేవవు, నేను జైలుకి పోతాను. అసలు ఎక్కడ నొప్పి?"

"మెడే. పట్టేసిందంతే."

వేళ్ళ సంగతి చెప్పలేదు. చెబితే పిల్లను నా చేతికివ్వదు. పిల్లను ఇవ్వకపోతే ఈ ఇంట్లో నేనెందుకు?

లేచి పిల్లకు నూనె రాశాను. మాటల్లో పడి నీళ్ళు ముందుగా పట్టి ఉంచలేదు. అప్పటికప్పుడు బకెట్ నింపి రెండు వేళ్ళు ముంచి చూశాను. గోరువెచ్చగానే అనిపించాయి. పిల్లను కాళ్ళ మీద వేసుకుని చెంబు ముంచి ఎత్తాను. తువ్వాలు తెచ్చిన కూతురి పాదం మీద నాలుగు చుక్కలు పడ్డాయి.

"అమ్మా, ఆగు!" అని చెంబు లాక్కుంది. "కాలిపోతున్నాయి కదే నీళ్ళు!"

పిల్ల నా కాళ్ళ మీద నవ్వుతూ ఉంది. నా వేళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఎవరివో వేళ్ళన్నట్టు చూశాను. కూతురు వాటిని గిల్లింది.

"తెలుస్తోందా?"

"లేదు."

"ఎన్నాళ్ళ నుంచి?"

చెయ్యి కొంగు కింద దాచుకున్నాను. అది పిల్లను ఎత్తుకుంది.

మర్నాడు డాక్టరు నా తలను కుడివైపుకు వంచి పైనుంచి కొద్దిగా నొక్కితే, బొటనవేలి దాకా కరెంటు పాకింది. ఫోటోలు తీశారు. వేళ్ళలో ఏ జబ్బూ లేదట. మెడ ఎముకల మధ్య మెత్త అరిగి, చేతికి పోయే నరం నొక్కుకుపోయిందట. తలనొప్పి కూడా ఆ మెడ నుంచే ఎక్కుతోందట. నాకు బుర్రకెక్కలేదు. ఇంటికొచ్చాక అల్లుడు చెప్పాడు.

"బండిలో వైరు ఒకచోట నలిగితే లైటు ఇంకోచోట ఆరిపోతుందత్తయ్యగారూ. బల్బు మారిస్తే ఏం లాభం? మీరింక బకెట్లు ఎత్తొద్దు. ఖలాస్."

"తంతే ఏమయ్యేది బాబూ?"

"ఉన్న వైరు కాస్తా తెగేది."

మాత్రలు ఇచ్చారు, మెడకు వ్యాయామాలు నేర్పారు. పాత చీరలు కూరి నేను కుట్టుకున్న ఎత్తు దిండు చూసి, "ఇది దిండా, మెట్టా?" అంది కూతురు. పారేయనివ్వలేదు. విప్పి, ఆ చీరలు పిల్లకు పక్కగుడ్డలు చేశాను.

నొప్పి చాలావరకు పోయింది. వేళ్ళకు తెలివి సగమే వచ్చింది. ఇప్పుడు కూతురు ఇంట్లో ఉన్నప్పుడే పిల్లకు స్నానం. కాళ్ళు చాపుకుని కూర్చునేది అదే. నేను పక్కన స్టూలు మీద కూర్చుంటాను, కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని.

"నీళ్ళు చూడమ్మా" అంటుంది.

ఎడమ మోచెయ్యి ముంచి చూస్తాను.

"ఇంకాస్త ఆరనీ" అంటాను.

చెంబు పట్టుకుని ఆగుతుంది.