నాయనమ్మకు కనబడని కూర

నా చిన్నప్పుడు ఎల్లారెడ్డి పక్కనున్న మా ఊళ్లో పట్నం వెళ్లి పెద్ద చదువు చదివిన ఆడపిల్ల ఒక్కతే, మా పక్కింటి అక్క. కన్ను చూసినదాన్ని మెదడు ఎలా అర్థం చేసుకుంటుందో తెలుసుకోవడానికి హైదరాబాదులో పరిశోధన చేసేది. ఊరికి మాత్రం అదొక నవ్వులాట. సెలవులకు వచ్చినప్పుడల్లా ఎవరో ఒక ముసలాయన ఎదురై, "బిడ్డా, కండ్ల డాక్టరువు గదా, నాకో జత అద్దాలు ఇయ్యరాదు" అనేవాడు. "నేను అద్దాలిచ్చే డాక్టర్ను కాను తాతా, కన్ను ఎనుక ఏం జరుగుతదో చూస్త" అని అక్క చెబితే, "కన్ను ఎనుక ఏముంటది, ఎంటికలుంటయి!" అని నవ్వేవాడు. అక్క కూడా నవ్వేది.

ఒక ఏడు మా నాయనమ్మకు పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మాట బాగానే ఉంది, ఆకలీ బాగానే ఉంది. మా అమ్మ వేడి జొన్నరొట్టె చేసి మంచం దగ్గరికే తీసుకెళ్లి పెట్టేది. మా ఇళ్లలో రొట్టెను తినే చేతి వైపు పెట్టి, తడికి అది మెత్తబడకుండా కూరను అవతలి పక్కన వేస్తారు. అమ్మా అలాగే వేసేది. నాయనమ్మ రొట్టె మొత్తం తినేది. కూర మాత్రం వేసింది వేసినట్టే తిరిగి వచ్చేది. రుచి నచ్చలేదేమోనని అమ్మ పప్పు వండింది, కోడిగుడ్డు వండింది. ఏం చేసినా అంతే.

అంతవరకైతే అమ్మ సర్దుకునేది. కానీ నాయనమ్మ వచ్చిపోయే వాళ్లందరితో, కోడలు తనకు ఉత్త రొట్టె పడేస్తోందని చెప్పడం మొదలుపెట్టింది. కళ్లనీళ్లు పెట్టుకొని చెప్పేది కాబట్టి ఊరు నమ్మింది. బావి దగ్గర ఆడవాళ్లు అమ్మను చూసి, "కూరగాయలు గంత పిరమైనయా?" అని దెప్పేవారు. చివరికి నాయనమ్మ కన్నకొడుకు, మా బాపు కూడా, "మా అవ్వ అబద్ధమాడుతదా?" అన్నాడు. తెల్లారి అమ్మ బట్టలు మూట కట్టుకొని, పిట్లంలోని తల్లిగారింటికి పోతానని వాకిట్లోకి వచ్చింది. నేను ఆమె కొంగు పట్టుకొని ఏడుస్తుంటే ఇరుగుపొరుగు వాళ్లు పోగయ్యారు. సెలవుకు వచ్చిన అక్క కూడా వాళ్లలో ఉంది.

పోయే ముందు నలుగురి ఎదుటా తేల్చుకుంటానని అమ్మ కంచంలో రొట్టె, వంకాయ కూర పెట్టి తెచ్చి నాయనమ్మ ముందుంచింది. "అందరు చూడుండ్రి, కూర ఉన్నదా లేదా?" అంది. నాయనమ్మ కంచంలోకి వంగి చూసింది. "ఏడున్నదే కూర? ఉత్త రొట్టే గదా!" అంది. ఎవరో గాలి సోకిందన్నారు. ముసలిదాని పంతం అని ఇంకెవరో గొణిగారు.

అక్క వచ్చి మంచం మీద నాయనమ్మ పక్కన కూర్చుంది. ఆమె రొట్టె నములుతుండగా కంచాన్ని మెల్లగా తిప్పింది. ఎడమ పక్కనున్న కూర కుడి పక్కకు వచ్చింది. నాయనమ్మ ముఖం విప్పారింది. "గిప్పుడు తెచ్చినవా? గింతసేపు ఏడ దాచినవే?" అంటూ రొట్టె ముక్కను కూరలో అద్దుకుంది. భయపడి నిలబడ్డవాళ్లు కూడా నవ్వేశారు. అమ్మ నవ్వలేదు.

అక్క బాపు వైపు తిరిగింది. "అన్నా, అవ్వ కండ్లు మంచిగనే ఉన్నయి. దెబ్బ మెదడుకు తాకింది. ఎడమ దిక్కు ఒకటి ఉన్నదన్న ధ్యాసే పోయింది. లేదనుకున్న దిక్కు ఎవలు ఎతుకుతరు? అవ్వ అబద్ధమాడలే. వదినె కూడ అబద్ధమాడలే."

ఆ చివరి మాట విని అమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. బాపు మూట తీసుకెళ్లి లోపల పెట్టి వచ్చాడు. అప్పటి నుంచి అమ్మ కూరను రొట్టె పక్కనే, కుడివైపున వేసేది. తన కోడలికి ఇప్పుడు బుద్ధి వచ్చిందని నాయనమ్మ అందరికీ చెప్పేది.

అంతకుముందు అక్క పని చీకటి గదిలో మనుషులకు చిన్న చిన్న దీపాలు చూపించి, ఏం కనబడిందని అడగడం. మా ఇంట్లో ఆ సంగతి చూశాక పక్షవాతం వచ్చిన వాళ్ల దగ్గర కూర్చోవడం మొదలుపెట్టింది. కళ్లు బాగుండి కూడా సగం లోకాన్ని పోగొట్టుకున్న వాళ్లు, ఆ సగం వైపు మళ్లీ తల తిప్పడం ఎలా నేర్చుకుంటారన్నదే ఆమె జీవితకాలపు పరిశోధన అయింది. ఇప్పుడు రిటైరై కామారెడ్డిలో ఉంటోంది. ఈమధ్య వెళ్లి కలిస్తే, "అవ్వ కంచం తిప్పిన నాడు నాకే భయమైంది. తిప్పినంక కూడ కనబడకపోతే మీ అమ్మ తల్లిగారింటికి పోతుండె" అంది. అలాంటి మనిషి గురించి చదవడమే తప్ప అంతవరకు కళ్లతో చూడలేదట. మా అమ్మను నాకు మిగిల్చినందుకు ఆమె చేతులు పట్టుకొని కళ్లకద్దుకున్నాను.

నేను చిన్నప్పుడు బడికి పోలేదు. నాకు అక్షరాలు నేర్పింది నా కోడలే. ఈ నాలుగు మాటలు రాయగలుగుతున్నానంటే ఆమె పుణ్యం. అయినా ఆమె మీద నాకు కోపం రాదని కాదు. చెప్పిన పని చేయలేదనో, నన్ను పట్టించుకోలేదనో మాట నోటిదాకా వస్తుంది. అప్పుడు ఆగి, "బిడ్డా, నాకైతే కనబడతలేదు, ఉన్నదా?" అని అడుగుతాను.

చాలాసార్లు ఉంటుంది.