పరుపు మీద ల్యాప్‌టాప్

మీ ఇంట్లో ఒక వస్తువు చెడిపోతే మీరు ముందు ఆ వస్తువును చూస్తారా, దాన్ని వాడే మనిషి నుదుటిని చూస్తారా?

ఊరికే అడగడం లేదు. మొన్న వేసవిలో మంగళగిరిలో మా చెల్లెలి ఇంట్లో ఒక ల్యాప్‌టాప్ వేడెక్కి ఆగిపోతుంటే, ఇంటిల్లిపాదీ కలిసి ఆడపిల్ల జాతకం తిరగేశారు.

మా మేనకోడలు కంప్యూటర్‌లో త్రీడీ బొమ్మలు చేస్తుంది. ఆ పని మామూలు ల్యాప్‌టాప్‌ల వల్ల కాదు. గేమింగ్ కోసం చేసే బరువైన రకం కావాలి. అది కొన్నప్పటి నుంచీ చుట్టాలకు వేళాకోళమే: "మీ అమ్మాయికి ఇంకా ఆటలేనా?" ఒక కంపెనీ ఆమెకు ఆన్‌లైన్‌లో పరీక్ష పెట్టింది. వాళ్లు చూస్తుండగా ఒక బొమ్మ తయారుచేయాలి. సగంలో ఫ్యాన్ హోరెత్తి, తెర నల్లబడి, ల్యాప్‌టాప్ ఆగిపోయింది. బతిమాలితే ఇంకొక్కసారి అవకాశం ఇచ్చారు. ఆ రెండో పరీక్ష రోజు పొద్దున్నే చెల్లెలు ఫోన్ చేసింది. "పరీక్ష మానిపించేస్తున్నాం అన్నయ్యా. నువ్వొచ్చి దానికి నచ్చజెప్పు."

మా భవానీపురంలో బస్సెక్కి వెళ్లాను. బావగారు మగ్గం గుంటలో కూర్చుని నేస్తున్నారు. నన్ను చూసి చెయ్యి ఆపకుండానే, "రండి బావగారూ. ఇవాళ ఉపన్యాసం దేనిమీద?" అన్నారు.

ల్యాప్‌టాప్ గోడవార ఉంది. మూత మీద కుంకుమ బొట్టు. పైన మేకుకు నిమ్మకాయా మిరపకాయలూ. కింద మెత్తటి దిండు, దాని మీద నాలుగు మడతలు పెట్టిన కొత్త చేనేత బట్ట. అప్పటిదాకా పిల్ల దాని మీద సాధన చేస్తూనే ఉందట. అడుగున చెయ్యి పెడితే ఇస్త్రీపెట్టెను తాకినట్టుంది. గాలి పీల్చుకునే చిల్లులన్నీ బట్టలో కూరుకుపోయాయి.

"దీనికి పరుపెందుకమ్మా?"

"చదువుకునే వస్తువన్నయ్యా. నేల మీద పెడితే కాలు తగలదూ?"

"ఆ పీట మీద పెట్టొచ్చుగా?"

"కూర్చునే పీట మీదా! నీకు బుద్ధుందా?"

"నాకు లేదులే. దీనికి మాత్రం గాలి కావాలి. నువ్వు దాని ముక్కు మూసేసి కూర్చోబెట్టావు."

బావగారు మగ్గం ఆపారు. "మరి దిష్టి మాటేంటండీ? మా వీధిలో ఇలాంటిది ఇంకోటి లేదు. చూసినవాడల్లా అబ్బో అన్నవాడే."

"మీ చీరలు చూసీ అందరూ అబ్బో అంటారు. ఒక్కటైనా కాలిందా?"

ఆయన నవ్వారు. చెల్లెలు నవ్వలేదు. "నీకేం, నాలుగు మాటలు చెప్పి బస్సెక్కి పోతావు. దానికేదీ అచ్చిరాదు. ఇంటర్లో పరీక్షలప్పుడు జ్వరం. ఇప్పుడిది."

గుమ్మం దగ్గర నిలబడి మేనకోడలు ఇదంతా వింటోంది. "దిండు తీసేద్దామని నేనెప్పుడో చెప్పాను మావయ్యా," అంది. "అమ్మ వినలేదు. ఇప్పుడు నాకూ అనిపిస్తోంది, నాకే అచ్చిరాదేమోనని."

మూఢనమ్మకాల మీద ఎన్నో సభల్లో వాదించినవాణ్ణి. ఇలాంటి మాట ఏ సభలోనూ వినలేదు. కారణం తెలిసిన పిల్ల కూడా తనను తానే కారణంగా ఒప్పుకుంటోంది!

పరీక్ష మానిపించొద్దని చెప్పి, దిండు నేనే తీసేశాను. "కనీసం పీట కడగనివ్వు," అంది చెల్లెలు. కడిగి, పొడిగుడ్డతో తుడిచి ఇచ్చింది. నేత ఇంటి గాలిలో ఎప్పుడూ నూలు పీచు తేలుతూనే ఉంటుంది. పిల్ల ల్యాప్‌టాప్ ఆపి, చల్లారాక, పక్క చిల్లుల్ని బ్రష్‌తో దులిపితే ఆ పీచు బూడిదరంగు ఉండలుగా రాలింది. మగ్గం నడిచేటప్పుడు ఆ ఇంట్లో ఫ్యాన్ వేయరు, నూలు పొడిబారి తెగుతుందని. బావగారు గుంటలోంచి లేచి ఫ్యాన్ వేశారు.

పరీక్ష అయ్యేదాకా ల్యాప్‌టాప్ ఒక్కసారీ ఆగలేదు. కానీ పిల్ల మాటిమాటికీ పని వదిలేసి అరచెయ్యి దాని పక్కన ఆనించి చూసుకునేది. దాని లోపలి ఫ్యాన్ కాస్త హోరెత్తితే చాలు, ఉలిక్కిపడేది. బొమ్మ పూర్తికాకుండానే సమయం అయిపోయింది. ఉద్యోగం రాలేదు.

"చూశావా అన్నయ్యా? మిషను బాగానే నడిచింది. పిల్లకే రాసిపెట్టి లేదు," అంది చెల్లెలు.

ఇదెక్కడి విచారణ? యంత్రం ఆగితే పిల్ల దురదృష్టం. యంత్రం నడిచినా పిల్ల దురదృష్టమే. సాక్ష్యం ఎటు తిరిగినా ముద్దాయి మారదు. తల్లి ప్రేమలో నాకు అనుమానం లేదు. ఆ ప్రేమతోనే, ఎదురుగా నిలబెట్టి మరీ, పిల్లకు అచ్చిరాదని అన్నేళ్లుగా చెబుతూ వచ్చింది. ఆ తర్వాత మేనకోడలు ఇంకే కంపెనీకీ దరఖాస్తు పెట్టలేదు. అడిగితే, "చూద్దాం మావయ్యా," అంటుంది. ల్యాప్‌టాప్ పీట మీదే ఉంది, మూత వేసి.

మీ ఇంట్లోనూ ఇలాంటి పిల్లో పిల్లాడో ఉంటే, ఇవాళే ఎదురుగా కూర్చోబెట్టుకోండి. అచ్చిరాదని మీరెప్పుడైనా అని ఉంటే, ఇంట్లో అందరూ వింటుండగా ఆ మాట వెనక్కి తీసుకోండి. తప్పు ఎక్కడ జరిగిందో విడమరిచి చెప్పండి. తర్వాత మీరే పక్కన కూర్చుని మళ్లీ దరఖాస్తు పెట్టించండి.