గేటుకు కట్టిన వేపకొమ్మ

నేను బడికి పోయి చదువుకోలేదు. మా బాపు పాత క్యాలెండరు కాగితాల వెనక అక్షరాలు దిద్దించాడు. అందుకేనేమో, రాసి ఉన్న మాటంటే నాకు చిన్నప్పటి నుంచీ గురి. నోటితో అబద్ధాలాడేవాళ్ళను చాలామందిని చూశాను. కలం పట్టుకుని ఆడేవాళ్ళుంటారని మాత్రం తల నెరిసేదాకా తెలియదు.

సిద్దిపేటలో ఒక నర్సరీ బడిలో ఆరేళ్ళు ఆయాగా చేశాను. సర్టిఫికెట్టు లేని నన్ను పనిలోకి తీసుకున్నది ఆ బడి నడిపే మేడమే. రోజూ పొద్దున దీపం పెట్టి నావాళ్ళందరి పేర్లు చెప్పుకుని, చివర ఆమె పేరు కూడా చెప్పుకునేదాన్ని. నా బిడ్డ రెండో కాన్పుకు నా దగ్గరికి వచ్చినప్పుడు ఎనిమిదో నెల, వెంట మూడేళ్ళ కొడుకు. "గాణ్ణి పట్టుకొని గా పిల్ల ఏం ఉరుకుతది? నీ ఎంబడి తోల్కరా" అన్నది మేడం. ఆ శనివారం ఆమె పేరు మీద కొబ్బరికాయ కొట్టి వచ్చాను.

ఫాల్గుణ మాసం. ఎండలు అప్పుడప్పుడే ముదురుతున్నాయి. ఒక సోమవారం మా క్లాసు పాప ఒకతి నిండు చేతుల జుబ్బా వేసుకుని వచ్చింది. నీళ్ళు ఒలకబోసుకుంటే బట్టలు మార్చబోయాను. వీపు మీద, మెడ కింద నీటిపొక్కులు. ఒంటి నుంచి పసుపు, వేపాకు వాసన. పాపను ఎత్తుకుని మేడం దగ్గరికి పోయాను. శనివారం నాటి యాన్యువల్ డే కోసం ఆమె పిల్లలకు డాన్సు వరసలు కుదుర్చుతున్నది.

"గవి చెమటకాయలు ఆయమ్మా" అన్నది ఒకసారి చూసి.

వేపాకు వాసన వస్తున్నదని చెప్పాను. ఎండకాలం అందరూ వేపాకు నీళ్ళే పోస్తారని నవ్వింది. పాప డైరీ తీసి గుండ్రటి చేతిరాతతో రాసింది: చెమటకాయలు, పౌడరు రాయగలరు. ఆ రాతను రెండుసార్లు చదువుకున్నాను. అనుమానం పోయింది. నా చేతులతోనే పౌడరు రాశాను. మధ్యాహ్నం నా మనవడూ ఆ పాపా ఒకే చాప మీద పడుకున్నారు.

మర్నాడు మేడం మనవరాలు రాలేదు. ఆ పిల్లదీ అదే క్లాసు. అమ్మమ్మ వాళ్ళు సాగర్ రిజర్వాయరు చూపిస్తామని చంద్లాపూర్ తీసుకుపోయారట. డాన్సులో నడుమ నిలబడాల్సింది ఆమే. ఆ జాగాలో మేడం నా మనవణ్ణి నిలబెట్టింది. అందరి పిల్లలనూ కాదని మావాడినే ఎంచుకున్నదని నేను మురిసిపోయాను. ఆ వారమంతా వాడు ఆ పాప చెయ్యి పట్టుకునే ఆడాడు.

రెండో వారం చివర మనవడికి స్నానం చేయిస్తుంటే పొట్ట మీద కనిపించాయి, అవే పొక్కులు. ఆటలమ్మ. తలుపు దగ్గర నిలబడి చూస్తున్న నా బిడ్డ రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుంది.

"నాకు చిన్నప్పుడు పోసిందా అమ్మా?"

పోయలేదు. వాళ్ళ అన్నకు పోసినప్పుడు ఆమెను తొగుటకు, మా చెల్లె ఇంటికి పంపాను. దవాఖానలో డాక్టరమ్మ, కాన్పు దగ్గర పడ్డాక తల్లికి సోకితే పసికందుకు ప్రమాదమని చెప్పింది. ఇరవై రోజులు కనిపెట్టుకుని ఉండాలి, పిల్లవాణ్ణి దూరంగా ఉంచాలి. బడిలో ఇంకెవరికైనా ఉన్నదా అని అడిగింది. లేదన్నాను. ఒక పాపకు చెమటకాయలు తప్ప ఏమీ లేవన్నాను.

బయట వరండాలో ఆ పాప తల్లి ఎదురైంది. కుట్టుమిషను పని చేస్తుంది. చేతిలో చిన్న కొడుకు, వాడి మొహం నిండా పొక్కులు.

"పాపకు అమ్మ పోసిందని నేను ఆదివారం నాడే మేడంకు ఫోన్ చేసిన ఆయమ్మా" అన్నది. "ఒక్కల్లు మానేస్తే డాన్సంత ఖరాబైతది, నిండు చేతుల జుబ్బా ఏసి తోలు అన్నది. మీకు చెప్పలేదా?"

ఆదివారం తెలిసింది. సోమవారం డైరీ రాసింది. మంగళవారం మనవరాలిని పంపించింది.

సాయంత్రం బడికి పోయాను. మేడం బల్ల మీద మరో ఇద్దరు పిల్లల డైరీలు తెరిచి ఉన్నాయి. అదే గుండ్రటి రాత, అవే చెమటకాయలు. రేపు పొద్దున ఆ తల్లులకు ఇవ్వమని నా చేతికి అందించింది. తీసుకోలేదు.

"మీ మనవరాలిని ఎందుకు పంపిన్రు మేడం?"

డైరీలు మళ్ళీ బల్ల మీద పెట్టింది. తర్వాత మెల్లగా అన్నది, "నువ్వైతే పంపవా?"

"పంపిన, నా బిడ్డను తొగుటకు. కానీ మా వాకిట్ల యాపకొమ్మ కట్టినంక పంపిన."

మనవణ్ణి చూసుకోవడానికి తొగుట నుంచి మా చెల్లె వచ్చింది. తెల్లవారి నేను అందరికన్నా ముందు పోయి, దారిలో విరిచిన వేపకొమ్మను బడి గేటుకు కట్టాను. అది కడితే లోపల అమ్మ ఉన్నదని. మా దగ్గర చదువు వచ్చినవాళ్ళకైనా రానివాళ్ళకైనా వేరే చెప్పక్కర్లేదు. పిల్లలను దింపడానికి వచ్చిన స్కూటర్లు ఒక్కొక్కటే ఆగి, కొమ్మను చూసి, వెనక్కి మళ్ళాయి. మేడం వచ్చి గేటు ముందు నిలబడింది. విప్పడానికి చెయ్యి ఎత్తింది, కొమ్మ దాకా పోనిచ్చి దించుకుంది. అమ్మకు కట్టిన కొమ్మను ఎవరూ పీకరు. ఆమెకూ ఆ భయం ఉన్నది. నేను మళ్ళీ ఆ గేటు దాటలేదు.

ఇంట్లో ఇరవై రోజులు పోపు వేయలేదు. నడుమ తలుపు వేసి ఉంచాము. అవతల నుంచి మనవడు అమ్మా అని పిలుస్తుంటే, నా బిడ్డ తలుపుకు వీపు ఆనించి కూర్చుని పాటలు పాడేది. రోజూ పొద్దున ఆమె చేతులు, మెడ, వీపు వెలుతురులోకి తిప్పి చూసేదాన్ని. ఇరవై ఒకటో నాడు కూడా ఏమీ లేదు. తర్వాత వారానికి ఆడపిల్ల పుట్టింది. ఒంటి మీద మచ్చ లేదు. తల్లి దయ.

ఇప్పుడూ దీపం పెట్టి పేర్లు చెప్పుకుంటాను. కొత్తగా ఒక పేరు చేరింది. చివరికి వచ్చేసరికి ఆరేళ్ళ అలవాటు కొద్దీ మేడం పేరు నాలుక మీదికి వస్తుంది. నన్ను పనిలో పెట్టుకున్న మేలు అబద్ధం కాదు, దానికి దండం పెట్టుకుంటాను. పేరు మాత్రం పలకలేను. కాసేపు అట్లాగే కూర్చుని, లేస్తాను.