పోయిన ఓడ ఎక్కడికి పోయింది?

పొద్దున్నే కళ్ళజోళ్ళ దుకాణం షట్టరు సగం ఎత్తి, స్టూలు బయటికి లాక్కుని కూర్చుని, దారిన పోయేవాళ్ళ కళ్ళజోళ్ళు తుడిచిపెట్టడం ఆయనకు అలవాటు. పేపరు వేసే పెద్దాయన, వీధి ఊడ్చే ఆవిడ, బడికి పోయే పంతులమ్మ, ఎవరు కనబడినా "ఇలా ఇవ్వండి ఒక్కసారి" అని చెయ్యి చాచేవాడు. మెత్తటి గుడ్డతో తుడిచి, వదులైన మర బిగించి, వెలుతురుకు పట్టి చూసి, మళ్ళీ వాళ్ళ ముక్కు మీద తనే పెట్టేవాడు. "ఇప్పుడు లోకం కాస్త బాగుందా?" అనేవాడు. బాగుందని చెబితే తప్ప కదలనిచ్చేవాడు కాదు. వీధి మొత్తానికీ ఆయన అద్దాలాయన.

దేవుడు మనిషిలో ఒక మంచి గుణం పెట్టినప్పుడు, దానికి తోడుంటుందని కాబోలు, పక్కనే ఒక చాదస్తాన్ని కూడా కూర్చోబెడతాడు. అద్దాలాయన చాదస్తం ఆదివారం మధ్యాహ్నాల్లో బయటపడేది.

దుకాణం వెనక గదిలో, అద్దాలు అరగదీసే యంత్రం పక్కన పొడుగాటి బల్ల ఒకటుంది. ఆదివారం ఆ బల్ల చుట్టూ నలుగురు చేరి కథల ఆట ఆడేవారు. ఒకరు కథ నడుపుతారు, తక్కినవాళ్ళు ఆ కథలో మనుషులవుతారు. "ఇప్పుడేం చేస్తారు?" అని నడిపేవారు అడిగితే, ఎవరి బుద్ధికి తోచింది వాళ్ళు చెబుతారు. సందేహం వచ్చినచోట పాచికలు తేలుస్తాయి. వీళ్ళ కథ అంతరిక్షంలో సరుకులు మోసే ఓ పాత ఓడది. నడిపేది అద్దాలాయన. ఓడకు కెప్టెను ఆయన బావగారు, అంటే ఇల్లాలికి అన్నగారు, జన్మంతా సిటీ బస్సు నడిపిన మనిషి. ఓడలో గాలీ మందులూ పక్కింటి నర్సమ్మ చూసేది. ఇంజను బాగుచేసే పని అద్దాలాయన ఇల్లాలిది. ఇంట్లో ఫ్యాను ఆగిపోతే ఎలా బాగుచేసేదో ఓడనూ అలాగే బాగుచేసేది, గట్టిగా ఒకటిచ్చి.

ఆట పుస్తకంలో ప్రయాణం సంగతి ఒక్క ముక్కలో తేల్చేశారు: ఇక్కడి నుంచి అక్కడికి పోవాలంటే రెండు పాచికలు వేయండి, పెద్ద అంకె పడితే చేరినట్టే. అది చదివిననాడు అద్దాలాయనకు ఒళ్ళు మండిపోయింది. "పాచికలు వేస్తే గ్రహం లాగడం మానేస్తుందా? ఎవడండీ రాసింది దీన్ని?" అని పుస్తకం మూసేసి, కక్ష్యల లెక్కలు పాతిక పుస్తకాల్లో వెతికి నేర్చుకుని, తన రూల్సు తనే రాసుకున్నాడు. బల్ల మీద నల్లగుడ్డ పరిచి సుద్దముక్కతో వలయాలు గీసేవాడు. నర్సమ్మ మోచేయి తగిలితే ఓ చందమామ సగం చెరిగిపోయేది. ఆయన మళ్ళీ గీసేవాడు. ఒక్కో ఎత్తుకు ఆయన లెక్క కట్టేలోపు నర్సమ్మ ఓ కునుకు తీసేది, ఇల్లాలు నాలుగు చొక్కాలకు గుండీలు కుట్టేది.

అన్నిటికన్నా ఆయన్ను వేపుకు తినేది బావగారి బస్సు భాష.

"సరే బావా, కాసేపు పక్కకి ఆపి ఆలోచిద్దాం."

"పక్కకా! ఆకాశంలో పక్కెక్కడిది బావగారూ?"

"పోనీ ఉన్నచోటే ఆపు."

"ఆపితే కిందపడి చస్తారు! ఎన్నిసార్లు చెప్పాలి? తిరుగుతున్నంతసేపే పైనుంటుంది."

"అదేం బండయ్యా బాబూ, ఆపితే పడిపోయేది! సైకిలే నయం, కాలైనా ఆనించొచ్చు."

అద్దాలాయన తల పట్టుకునేవాడు. గోడకు చెప్పినా ఈపాటికి వినేదని గొణుక్కునేవాడు. అయినా ఆదివారం వస్తే బావగారి కుర్చీకి మెత్త వేసేది ఆయనే. ఎందుకో అక్కడున్న అందరికీ తెలుసు.

బావగారి చూపు తగ్గుతోందని ముందు పట్టుకున్నది అద్దాలాయన. పరీక్షకు కూర్చోబెడితే ఆయన గోడ మీది అక్షరాలు గడగడా అప్పజెప్పాడు. అనుమానమొచ్చి పలక తిప్పేసి వేరే అక్షరాలు పెడితే నోరు పెగల్లేదు. మొదటివి బట్టీ పట్టుకొచ్చాడు పాపం. అద్దాలాయన పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకుని, "బావగారూ, ఇక బస్సు వద్దు" అన్నాడు. పెద్దాసుపత్రి డాక్టరుగారూ అదే మాటన్నారు. డిపోవాళ్ళు జాలిపడి టిక్కెట్ల గదిలో కూర్చోమంటే, "జాలి కుర్చీ నాకొద్దు" అని వచ్చేశాడు. చేతిలో మిగిలిన బండి ఇక ఆ ఓడొక్కటే. అందుకే ఆయనకు కనబడేలా సుద్దగీతలు లావుగా గీసేవాడు అద్దాలాయన.

అలాంటి ఓడకే ఆ ఆదివారం గండం వచ్చింది.

ఇంధనం అడుగంటింది. అదే వలయంలో కొంచెం ముందు ఒక స్టేషను తిరుగుతోంది. దాన్ని అందుకుంటే బతికినట్టు.

"ఇప్పుడేం చేస్తారు?" అన్నాడు అద్దాలాయన.

"ఇంకా అడుగుతావేం? తొక్కు! ఉన్నదంతా పెట్టి వేగం పెంచు."

"బావగారూ, ఆలోచించుకోండి. ముందున్నదాన్ని అందుకోవాలంటే వేగం తగ్గాలి."

బావగారు బల్ల మీద చేత్తో చరిచాడు. పాచికలు ఎగిరి యంత్రం కిందికి దొర్లిపోయాయి. "ముందున్న బండిని అందుకోవడానికి బ్రేకు తొక్కడం ఏ రాజ్యంలో చూశావయ్యా?"

"వేగం పెంచితే పైకి పోతారు. వలయం పెద్దదవుతుంది. ఇంకా వెనకబడతారు."

"వేగంగా పోతే వెనకబడతానట! విన్నావా చెల్లాయ్, మీ ఆయన లెక్క?"

"నన్ను లాగకు అన్నయ్యా. ఆరేళ్ళుగా వింటున్నా, ఇప్పటికీ ఒక్క ముక్క ఎక్కలేదు."

"తొక్కమన్నానా, తొక్కు!"

ఓపిక నశించింది అద్దాలాయనకు. "మీ ఇష్టం!" అని విసురుగా పెన్సిలు తీశాడు. లెక్క కట్టాడు. ఇంధనమంతా ఒక్క ఊపున అయిపోయింది. ఓడ పైకెళ్ళింది, స్టేషను కింద నుంచి ముందుకు జారిపోయింది. సుద్దముక్క కిందపడేసి, "చెప్పానా? తప్పిపోయారు. ఇంధనం లేదు, తిప్పడానికి లేదు. ఓడ పోయింది" అన్నాడు.

బావగారు మెల్లగా లేచి, తడుముకుంటూ చెప్పులు వెతుక్కున్నాడు. నర్సమ్మ ఒంగి ఆయన కాలి దగ్గరికి జరిపింది.

"పోనీలే. ఇదీ పోయింది" అన్నాడాయన. అని వెళ్ళిపోయాడు.

ఆ 'ఇదీ' అన్న మాట అద్దాలాయనకు ముల్లులా దిగింది. మరుసటి ఆదివారం బావగారు రాలేదు. ఆ పై వారమూ రాలేదు. ఫోను చేస్తే చెల్లెలితో మాత్రం మాట్లాడి పెట్టేశాడు.

"ఇంత రాద్ధాంతం ఎందుకండీ?" అంది నర్సమ్మ. "స్టేషనువాళ్ళు ఎదురొచ్చి ఇంధనం పోశారని చెప్పేయండి. మీ కథే కదా, అడిగేదెవరు?"

"ఆయనే అడుగుతాడు! జాలిపడి రూలు మార్చామని చిటికెలో పసిగడతాడు. డిపోవాళ్ళకేం చెప్పాడో మనకూ అదే చెబుతాడు. ఇక ఈ గుమ్మం తొక్కడు."

"అయితే మీరూ మీ రూల్సూ ఊరేగండి" అని ఆవిడ చేతిసంచి తీసుకుని లేచింది. గడప దాటాక మళ్ళీ వెనక్కొచ్చి, "ఆయన కంటి చుక్కల మందు అయిపోయుంటుంది, పోయేదారిలో ఇచ్చిపోతాలెండి" అంది.

ఇల్లాలు దారం కొరికి సూది గుచ్చిపెట్టింది. ఆవిడకూ విసుగొచ్చేసింది. "పోయింది, పోయింది అని అందరి ప్రాణం తీశారు. ఇంతకీ ఎక్కడికి పోయింది?"

"ఎక్కడికేమిటే? పైకెళ్ళి, అటు తిరిగి, మళ్ళీ..."

చటుక్కున నల్లగుడ్డ తీసి బల్ల మీద పరిచాడు.

"మళ్ళీ?"

"మళ్ళీ అక్కడికే వస్తుంది." ఆయన సుద్దముక్క అందుకున్నాడు. "వేగం పెంచిన చోటికే వస్తుంది. రాక చస్తుందా! గ్రహాన్ని విడిచిపోయేంత ఇంధనం లేదుగా అందులో. ఛీ, నా బుర్రకేమైంది? రోడ్డు మీద బండి దారి తప్పినట్టు పోయిందనేశానే!"

"ఎద్దు ఈనిందంటే గాట్లో కట్టెయ్యమన్నట్టు, మీరు పోయిందనగానే మేమంతా ఏడుపు మొహాలు పెట్టుకు కూర్చున్నాం" అంది ఇల్లాలు. "నా దగ్గరేం, మా అన్నయ్య దగ్గర చెప్పుకోండి ఆ మాట."

అద్దాలాయన లెక్క మళ్ళీ చేశాడు, మళ్ళీ సరిచూశాడు. తన మీద తనకే మండిపోతూ చొక్కా తొడుక్కుని బయల్దేరాడు.

బావగారు ఇంటి ముందు అరుగు మీద కూర్చుని రోడ్డు వైపు చెవి పెట్టి ఉన్నాడు. బస్సొకటి పోయింది. "రెండో గేరులో పడలేదు వాడికి. క్లచ్చు అరగ్గొడుతున్నాడు వెధవ" అన్నాడు తనలో. అడుగుల చప్పుడు విని, "ఎవరది? బావా? జాలిపడి వచ్చావా?" అన్నాడు.

"జాలి లేదు, ఏం లేదు. తప్పు చెప్పాను, దిద్దుకోవడానికొచ్చాను. మీ ఓడ పోలేదు."

"రూలు మార్చావన్నమాట."

"మార్చలేదు. నా రూలు నేనే తప్పాను. మిమ్మల్ని అన్ని తిట్లు తిట్టి, చివరికి నేనే ఆకాశాన్ని రోడ్డనుకున్నాను."

బావగారి మొహంలో నవ్వు లేదు. డిపోలో కొత్త డ్రైవర్లను నిలదీసినట్టే నిలదీశాడు. "ఇంధనం ఉందా?"

"చుక్క లేదు."

"మరి పడదేం?"

"పడదు. తిరుగుతూనే ఉంటుంది. తిరిగి తిరిగి, మీరు తొక్కిన చోటికే వస్తుంది. ప్రతిసారీ వస్తుంది. స్టేషను కూడా ఆ చోటు మీదుగానే పోతుంది, కాకపోతే మీకన్నా ముందే వచ్చి పోతుంది."

బావగారి కుడిచెయ్యి గాల్లో ఓ పెద్ద చక్రం తిప్పింది, లోపల ఓ చిన్న చక్రం తిప్పింది. రెండూ ఒకచోట తాకించింది.

"సర్క్యులర్ రూటు" అన్నాడు.

"ఆఁ?"

"సర్క్యులర్ రూటయ్యా! నాది పెద్ద రింగు, దానిది చిన్న రింగు. ఇద్దరికీ కలిసే స్టాపు ఒక్కటే. నేను తొక్కితే పెద్ద రింగులో పడతాను, ఎంత తోలినా స్టాపుకి ఆలస్యమే. తగ్గితే చిన్న రింగు, ముందొస్తాను. అందుకా తగ్గు తగ్గు అని మొత్తుకున్నావ్!" ఆయన గొంతు లేచింది. "ఆరేళ్ళు! సుద్దముక్కలు, వలయాలు, లెక్కలు! సర్క్యులర్ రూటని ఒక్క ముక్క చెప్పి ఏడిస్తే నీ సొమ్మేం పోయేది?"

"నాకేం తెలుసండీ? నేనెప్పుడూ నడిచేపోతాను!"

"అదీ సంగతి. బస్సెక్కనివాడు మాకు ఓడ నేర్పాడు." బావగారు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "ట్రిప్పు ట్రిప్పుకీ నేను వెనకబడతా కదా. వెనకబడి వెనకబడి ఒక ట్రిప్పుకి, ఆ స్టేషను చుట్టు తిరిగొచ్చి, నా పక్కకే వస్తుంది. అవునా?"

"అదే లెక్క. అప్పుడు వాళ్ళ చిన్న పడవొచ్చి పట్టుకుంటుంది. మీరు చేయాల్సిందేం లేదు, అంతదాకా గాలి సరిపోతే చాలు."

"గాలి నర్సమ్మ ఖాతా. ఆవిడ పొదుపు నాకు తెలుసు, చుక్కల మందు కూడా లెక్కేసి వేస్తుంది." తర్వాత ఆయన గొంతు తగ్గింది. "ఏం చేయకుండా కూర్చుని, వచ్చేదాకా చూడాలన్నమాట. అది నాకెప్పుడూ అలవాటు లేదు బావా. ఎప్పుడూ వచ్చేవాణ్ణే నేను, స్టాపులో ఎదురుచూసేవాళ్ళు వేరే."

అద్దాలాయన ఆయన పక్కనే అరుగు మీద కూర్చున్నాడు. లోపలి నుంచి ఎవరో రెండు గ్లాసుల మంచినీళ్ళు తెచ్చిపెట్టి వెళ్ళారు. బావగారు తడిమి చూసి, నిండుగా ఉన్న గ్లాసు ఇటు జరిపాడు.

"బావగారూ, నాకో సాయం చేసిపెట్టాలి" అన్నాడు అద్దాలాయన.

"ఏమిటది?"

"ఈ రింగుల సంగతి మీ చెల్లెలికీ నర్సమ్మకూ ఈ ఆదివారం మీరే చెప్పాలి. నేను చెబితే జన్మలో ఎక్కదు వాళ్ళకి. కాస్త పెందరాళే రండి."