రెండు రెక్కల కీబోర్డు, నిలబడిన మౌసు

ఆ రోజుల్లో కంప్యూటరు ముందు కూర్చుని చేసే పనిని మా వాళ్లెవరూ కష్టమనుకునేవారు కాదు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి. మగ్గం నేసే ఇంట్లో పుట్టిన నేను కడపలో ఒక డీటీపీ సెంటర్లో ఆపరేటరుగా చేరితే, "ఫ్యాను కింద కుచ్చోని చేతి ఏళ్లు ఆడిచ్చే పని, పెట్టి పుట్టినావు పో" అని మా పిన్నమ్మ మురిసిపోయింది. నేనూ అలాగే అనుకున్నాను. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, గుడి రశీదు పుస్తకాలు, ఏది ఇచ్చినా కాగితం మీది నుంచి చూపు తిప్పకుండా కొట్టేసేదాన్ని. మా ఓనరన్న వచ్చినవాళ్లకల్లా నన్ను చూపించి, "ఈ పాప టైపు చేస్తాంటే రేకుల మీద వాన పడినట్టుంటాది" అనేవాడు. (ఆ మాట విన్న రోజు ఇంకాస్త గట్టిగా కొట్టేదాన్ని. నా మణికట్టు పాడవడంలో ఆ పొగడ్తకూ భాగముంది.)

రెండేళ్లు గడిచాయో లేదో, కుడి మణికట్టు మొరాయించింది. మొదట జడ వేసుకోవడం కష్టమైంది, తర్వాత చెంబు ఎత్తడం. సరిగ్గా అప్పుడే ఒక రిటైర్డు హెడ్మాస్టరు గారు తాము పనిచేసిన బడి చరిత్ర రాసి, మూడు వందల పేజీల చేతిరాత కట్టను తెచ్చి నా బల్ల మీద పెట్టారు. రెండు నెలల్లో ఆ బడికి నూరేళ్ల పండగ, ఆ రోజుకు పుస్తకం రావాలి. అప్పటిదాకా నేను కొట్టినవన్నీ జనం ఒకసారి చూసి పారేసేవే, ఇదొక్కటే నిలిచేది. ఎముకల డాక్టరేమో, "పనైనా మార్చుకో, పనిముట్లైనా మార్చుకో" అన్నాడు. ఓనరన్న తల గోక్కుని, "పోనీ లే పాపా, ఈ పుస్తకం ఇంకో ఆపరేటరుకు ఇచ్చేద్దాం" అన్నాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "పనిముట్లు మారుస్తా గానీ, పుస్తకం మాత్రం ఇయ్యనన్నా" అన్నాను.

చేతికి నొప్పి పుట్టించని కీబోర్డులూ మౌసులూ కర్నూలులో ఒక అంగట్లో ఉన్నాయని తెలిసి ఓనరన్న నన్ను పంపాడు. తోడుగా మా నాయన బయల్దేరాడు. ఆయన లెక్కలో కంప్యూటరంటే టీవీకి తమ్ముడు. అంగడాయన ఆరేడు మౌసులు పరిచాడు. ఒకటి తాబేలంత ఉంది. ఒకదాని వీపు మీద గోళీ దొర్లుతోంది. ఇంకొకటి అందరిలా పడుకోకుండా నిటారుగా నిలబడి ఉంది. నేను రంగు చూసి, ముద్దుగా ఉన్న చిన్నదాన్ని పట్టుకున్నాను. నాయన దాన్ని లాగేసుకున్నాడు.

"కండ్లు మూసుకో. ఒగోటీ పట్టుకో. యాడ నొప్పి పుడ్తే ఆడ చెప్పు."

గాజులు వేయించుకునేదానిలా చేయి చాపాను. నాయన ఒక్కో మౌసూ నా చేతిలో పెట్టి, మోచేతి నుంచి వేళ్ల దాకా బొటనవేలితో నరం తడిమి చూశాడు. గంటసేపు ఇదే వరస. అంగడాయనకు ఓపిక చచ్చిపోయింది.

"ఏమప్పా, మౌసు కొంటాండావా, ఎద్దును బేరం చేస్తాండావా?"

నాయన తన కుడిచేయి చాపి చూపించాడు. "నలభై ఏండ్లుగా నాడె ఇసురుతాండే చెయ్యి ఇది. ఇప్పటికీ నొప్పి లేదు. చేతికి కుదిరే పనిముట్టు ఏదో నాకు తెలుసప్పా." (నాడె అంటే మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తుతూ పోగు వేసేది.)

అంగడాయన కుర్చీ తెచ్చి నాయనకు వేశాడు. నాయన నిలబడిన మౌసునూ, నడిమధ్యకు చీలి రెండు రెక్కలుగా విచ్చుకున్న ఒక కీబోర్డునూ ఏరాడు.

మర్నాడు గొప్పగా ఆ కీబోర్డు తగిలించి కూర్చున్నాను. టైపు నేర్చుకున్న నాటి నుంచీ 'వ' అక్షరాన్ని ఎడమ వేలితో కొట్టకుండా కుడి వేలితో కొట్టే దొంగ అలవాటు నాది. కొత్తదాంట్లో ఆ మీట ఎడమ రెక్కలో ఉంది. కొట్టే ఊపులో నా కుడి వేలు నడుమ ఖాళీలోకి పోయి బల్లను పొడిచి వచ్చేది. తెర చూసే అలవాటు లేదు కాబట్టి నాకు తెలియనే లేదు. ఇరవై పేజీల ప్రూఫు తీసుకుపోయిన హెడ్మాస్టరు గారు మరుసటి రోజు ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చారు.

"ఏమ్మా, అడిగిన ప్రతి ప్రశ్నకూ జవాబు ఇచ్చినానని నేను రాస్తే, ప్రతి ప్రశ్నకూ జాబు ఇచ్చినానని కొట్టినావే! ఇది చదివి ఉద్యోగం లేనోళ్లంతా మా ఇంటి ముందర లైను కడ్తే నేను యాడికి పోవల్ల?"

ఓనరన్న నవ్వు ఆపుకోలేక లోపలికి పారిపోయాడు. తిరిగొచ్చి పాత కీబోర్డు పెడతానన్నాడు. వద్దన్నాను. ఎడమ చూపుడు వేలికి గుర్తుగా దారం కట్టుకుని, నడుస్తున్నా తింటున్నా ఆ వేలు ఆడిస్తూ 'వ, వ' అని గొణుక్కునేదాన్ని. ఆటోలో పక్కనున్న ఆవిడ, "చిన్న వయసులోనే నరాల జబ్బా పాపా?" అని జాలిపడింది. పది రోజులకు 'వ' దారికొచ్చింది. నెల తిరిగేసరికి నొప్పి సద్దుమణిగి, జడ నేనే వేసుకున్నాను.

పండగకు రెండు రోజుల ముందే పుస్తకాల కట్టలు దిగాయి. పండగ నాడు బడి ఆవరణలో షామియానా కింద నాయనా నేనూ వెనక వరసలో కూర్చున్నాం. హెడ్మాస్టరు గారు మైకులో, "చెయ్యి నొస్తాన్నా పట్టు వదలని పాప పని ఇది" అని నన్ను లేపి నిలబెట్టారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కూర్చోగానే నాయన పుస్తకం తెరిచాడు.

"నీ పేరు యాడుండాది?"

రెండో పేజీ అడుగున, 'అక్షరకూర్పు' అన్న మాట పక్కన, చీమంత అక్షరాల్లో ఉంది. నాయన దాని మీద వేలు పెట్టి చాలాసేపు తీయలేదు.

"ఇన్నేండ్లు ఇన్ని చీరలు నేసినాం. ఒగదాని మీదన్నా నేసినోని పేరు పడలేదు. మన ఇంట్లో పేరు పడింది నీదే పాపా" అని కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

తిరుగు బస్సులో నేను ఆ పేజీ తెరిచి, పక్కవాళ్లకు కనిపించేలా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఎవరూ చూడకపోతే దగ్గాను కూడా. చివరికి కండక్టరు వంగి చదివి, "అయితే టికెట్టు మీద గూడా నీ పేరు రాసీమంటావా?" అన్నాడు. బస్సంతా నవ్వింది. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. అయినా అప్పటి నన్ను, ఆ పిల్లను, మందలించడానికి నాకు నోరు రాదు. ఎర్రగుంట్ల దాటేదాకా ఆ పిల్ల ఆ పేజీ మూయలేదు.