చారల బూరె

బాలనర్సయ్య కామారెడ్డి–ఎల్లారెడ్డి బస్సులో కండక్టరుగా ఉన్నన్నాళ్లూ, ఆ బస్సెక్కిన వాళ్లు దిగాల్సిన చోట దిగేవారు కాదట. లింగంపేటలో దిగాల్సిన పెండ్లివాళ్లు, ఆయన చెబుతున్న కథ సగంలో ఉందని ఎల్లారెడ్డి దాకా వచ్చేశారట. పెండ్లికొడుకైతే ముహూర్తం దాటినా సరే, కథ అయ్యాకే దిగుతానన్నాడట. ఈ సంగతి చెప్పింది కూడా బాలనర్సయ్యే కాబట్టి ఎంత నమ్మాలో మీ ఇష్టం.

ఆయన వయసు డెబ్బై, జుట్టు వయసు ముప్పై. పదిహేను రోజులకోసారి స్టీలు గిన్నెలో నల్ల రంగు కలుపుకుని, పాత టూత్‌బ్రష్‌తో తలకు పట్టించేవాడు. ఆయన మాట నమ్మాలంటే భార్య విమలమ్మ ముందుగా ఒట్టు వేయించుకునేది. మనవరాలు ప్రణీత మాత్రం ఎన్నడూ అడగలేదు. పదేళ్ల పిల్ల. తాత చెప్పాడంటే అంతే. బళ్లో సైన్సు టీచరుతో కూడా "మా తాత గట్ల చెప్పలేదు టీచర్" అని వాదించి వచ్చిన ఘనురాలు.

ఆ పిల్ల వేసవి సెలవులకు కుక్కపిల్ల కావాలంది. విమలమ్మ షరతు పెట్టింది.

"కోతులను తరిమేదైతెనే తేండి. తిని పండేటోడు ఇంట్ల ఒకడున్నడు, సాలు."

ఆమె బాధ ఆమెది. ఎల్లారెడ్డి కోతులు మిద్దె మీద ఏదీ ఎండనివ్వవు. మిరపకాయలు పోయాయి, వడియాలు పోయాయి. ఒక కోతి విమలమ్మ కళ్లజోడు పెట్టుకుని ఆమెనే గదమాయించిందని బాలనర్సయ్య చెబుతాడు.

కామారెడ్డిలో లింబాద్రి అనే పాత స్నేహితుడి ఇంట్లో, బీగిల్ తల్లికీ బుల్‌డాగ్ తండ్రికీ పుట్టిన పిల్లలు రెండు మిగిలాయి. ఒకటి తల్లి పోలిక. వీధిలో పోయే ప్రతి ఆటోనీ పలకరిస్తూ గొలుసు తెంపుకునేలా గెంతుతోంది. రెండోదానికి తల్లి చెవులు, తండ్రి చప్పిడి ముక్కు, వేలాడే బుగ్గలు. తిన్న గిన్నెలోనే మూతి పెట్టి నిద్రపోతోంది.

"అన్నా, కోతులకైతే గా ఉరికేదాన్ని తీస్కపో" అన్నాడు లింబాద్రి నిజాయితీగా. "గీ పండుకున్నది ముద్దు చేసుకునేతందుకే. ముక్కు సప్పిడిది, ఎండకు తాళది. కాపలా గీపలా దీంతోని కాదు."

బాలనర్సయ్య రెండు చెవులా విన్నాడు. అప్పుడే ఆ పండుకున్నది ఒక కన్ను తెరిచి, నాలుగడుగులు దొర్లినట్టు నడిచి, ప్రణీత చెప్పు మీద గడ్డం ఆనించి మళ్లీ గురక పెట్టింది. ప్రణీత "ఇది కావాలి" అనలేదు. తాత మొహంలోకి చూసింది, అంతే.

"గిదే ఇయ్యి" అన్నాడు బాలనర్సయ్య.

బస్సులోనే దానికి బూరె అని పేరు పెట్టింది ప్రణీత. ఇంటి గడప ఎక్కకముందే తాత కథ సిద్ధం చేశాడు.

"విమలా, దీని మొఖం జూసి మోసపోకు. దీని నాయిన పోచారం అడవిల చిరుతను చెట్టెక్కించిండు. దిగమంటె దిగదు. ఫారెస్టోళ్లు నిచ్చెనేసి, బతిమిలాడి దింపిండ్రు."

"ఒట్టేయి."

"నీ మీద ఒట్టు."

"నా మీద ఎందుకయ్యా? అబద్ధం నీది, చచ్చుడు నాదా?" అంది విమలమ్మ. "సరే, ఆదివారం దాక సూస్త. ఒక్క వడియం పోయినా, గీ పైల్వాను కామారెడ్డి బస్సెక్కుతడు."

ప్రణీత నవ్వింది. చిరుతను చెట్టెక్కించినవాడి కొడుక్కి కోతి ఒక లెక్కా?

మర్నాడే ఒక కోతి మిద్దె దిగి వచ్చింది. బూరె దాన్ని శ్రద్ధగా వాసన చూసి, తోక ఊపి, పక్కకు జరిగింది. కోతి బూరె గిన్నెలోని రొట్టె తీసుకుని, బూరెకే ఆనుకుని కూర్చుని తినేసింది. చూసింది బాలనర్సయ్య ఒక్కడే కాబట్టి బతికిపోయాడు. కానీ ఎన్నాళ్లు? కుక్కపిల్ల వెళ్లిపోతే మనవరాలి మొహం ఎలా ఉంటుందో తలచుకుంటే అన్నం సయించలేదు.

మాచారెడ్డి వైపు మక్క చేన్లలో కోతులను బెదరగొట్టడానికి పులి బొమ్మలు పెట్టడం ఆయన చూశాడు. ఆ శనివారం పొద్దున తలకు వేసుకోగా గిన్నెలో రంగు మిగిలింది. బూరె ఎదురుగా పడుకుని ఉంది. తెల్లటి ఒళ్లు, గోధుమ రంగు మచ్చలు. చారలు ఒక్కటే తక్కువ.

బ్రష్ తిరుగుతున్నంతసేపూ బూరె కదల్లేదు. గోకుతున్నాడనుకుని హాయిగా కళ్లు మూసుకుంది.

"వయసొస్తుంటె దీని జాతికి చారలు తేల్తయి" అని ఇంట్లో చెప్పాడు. విమలమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది కానీ, సరిగ్గా అప్పుడే మిద్దె మీదికి వచ్చిన పెద్ద కోతి చారల బూరెను చూసి ఆగి, ఏదో పని గుర్తొచ్చినట్టు పక్కింటి వైపు వెళ్లిపోయింది. విమలమ్మ మొగుడికి రెండోసారి చాయ్ పోసింది. ప్రణీత వాడంతా తిరిగి చెప్పింది: "మా బూరెకు చారలు మొలిచినయి!"

మధ్యాహ్నానికి బూరె ఒళ్లంతా నాకేసుకుంది. మూతి ఉబ్బింది. నురగ కారింది. ఆ చప్పిడి ముక్కులోంచి ఊపిరి ఈల వేసినట్టు వస్తోంది. బాలనర్సయ్య ఎండకు తలకు తువ్వాల చుట్టుకుని, బూరెను ఎత్తుకుని, పశువుల దవాఖానకు పరుగెత్తాడు. ప్రణీత ఆయన చిటికెనవేలు పట్టుకుని వెంట ఉరికింది.

"ఏంటీ నలుపు? ఏం పూశారు?" అన్నాడు డాక్టరు.

బాలనర్సయ్య నోరు ఆయన్ని అడక్కుండానే తెరుచుకుంది. "కొత్తగ రోడ్డేస్తున్నరు సార్. తారుల పొర్లింది."

"అవు సార్," అంది ప్రణీత ఏడుస్తూనే. "చారలు గావు గావొచ్చు, తారే. మా తాత సూసిండు."

పొద్దుటి చారలను ఆ పిల్ల ఒక్క క్షణంలో వదిలేసుకుంది, తాత ఇప్పుడు తారన్నాడని. డాక్టరు దూదిని నూనెలో ముంచాడు.

"తారైతే ఇదే వైద్యం. వేరే ఏదైనా అయితే చెప్పండి, కడుపులోకి పోయింది కదా. మందు మారుతుంది."

చిన్నప్పుడు బాలనర్సయ్య చదివిన కాన్వెంటు బడిలో అబద్ధం దొరికితే సిస్టరు కొట్టేది కాదు. నిజం వచ్చేదాకా ఊరికే ఎదురుగా నిలబడేది. ఆయనకు ఇన్నేళ్ల తర్వాత ఆ నిలబడటం గుర్తొచ్చింది. బల్ల మీద బూరె ఆయన్ని చూసి, అంత ఆయాసంలోనూ తోక ఒకసారి కదిపింది. ఇంత చేసింది ఆ రంగు పూసిన చెయ్యేనని దానికి తెలియదు కదా.

ఆయన తల మీది తువ్వాల తీశాడు. వంగి తల చూపించాడు.

"సార్, తారు గాదు. గిది."

డాక్టరు కుక్కను చూశాడు. తలను చూశాడు. ఒకే నలుపు. దూది పక్కన పడేసి సూది తీశాడు.

బాలనర్సయ్య వేలు పట్టుకున్న చిన్న చెయ్యి మెల్లగా వదులైంది.

రాత్రికి బూరెకు గండం గడిచింది. అక్కడక్కడా బొచ్చు గొరిగి, ఆదివారం సాయంత్రం ఇంటికి పంపారు. విమలమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని మజ్జిగన్నం తినిపించింది. దెప్పుతుందని, తిడుతుందని ఎదురుచూశాడు బాలనర్సయ్య. ఆమె ఒక్క మాటే అంది.

"గిది యాడికీ పోదు. పంపుడే అయితె నిన్ను పంపుత."

మర్నాటి నుంచి మిద్దె మీద కోతుల కాపలాకు బాలనర్సయ్యే కూర్చున్నాడు. ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో కట్టె. పక్కన తడి గోనెపట్టా మీద బూరె గురక. రంగు గిన్నె మళ్లీ బయటకు రాలేదు. జుట్టు మొదళ్లలో తెల్లబడుతుంటే వాడలో వాళ్లు "ఏమైంది కాకా?" అని అడిగారు. ఇదివరకైతే దానికో కథ ఉండేది. ఇప్పుడు "ముసలోన్నైన" అని ఊరుకున్నాడు.

ప్రణీత బూరెకు మందు రాయడానికి వస్తుంది, రాసి వెళ్తుంది. కథ అడగదు. ఒకరోజు మాత్రం మందు మూత పెడుతూ ఆగింది.

"తాతా, దీని నాయిన నిజంగ చిరుతను చెట్టెక్కించిండా?"

"లేదు బిడ్డా. వాడు లింబాద్రి మంచం కింద పండుకుంటడు. పిల్లి వస్తె ఇంకింత లోపటికి జరుగుతడు."

ప్రణీత బూరె చెవి నిమిరింది. తర్వాత తలెత్తకుండానే అడిగింది.

"ఒట్టేయి."

బాలనర్సయ్య కట్టె పక్కన పెట్టి, ఒట్టు వేశాడు.